గుండు కోసం పెంచిన జుట్టు

సింహాద్రి అప్పన్న సాక్షిగా, నేను రోజూ నడిపే ఫెర్రీ సాక్షిగా, కుడిచెయ్యి నా నెత్తిమీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. హాడో జెట్టీలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. అప్పల్రాజు భయ్యా రొయ్యని పడితే ఆ కథ పక్కనున్న చాతం చేరేసరికి అది తిమింగలమవుతుందని వాళ్ళ ఫిర్యాదు. రొయ్యల సంగతి వేరు. ఇది నా నెత్తి సంగతి. జ్వరం తగ్గాక దువ్వెన వంక చూసి గుండె జారిపోతున్నవాళ్ళు ఎక్కడైనా ఉంటే, వాళ్ళకి కాస్త ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

జూలైలో, వానలు మంచి ఊపుమీదున్నప్పుడు, నాకు డెంగీ వచ్చింది. నేను చాతం నుంచి బాంబూఫ్లాట్‌కి తిరిగే ఫెర్రీకి సరంగుని, అంటే చక్రం పట్టుకునేవాణ్ణి. అలలు నాకు కొత్త కాదు. కానీ ఆసుపత్రి మంచం అంతగా ఊగుతుందని అప్పుడే తెలిసింది. ఎముకలకున్న బోల్టులు ఎవరో పానాతో ఒక్కొక్కటీ విప్పుతున్నట్టు ఉండేది. నుదుటిమీద వేసిన తడిగుడ్డ తీసేసరికి ఇస్త్రీ చేసినట్టు ఉండేదని, పక్క మంచం ఆయన తన చొక్కా కూడా ఒకసారి నా నుదుటిమీద పెట్టుకోనిమ్మన్నాడని చెబితే మా ఆవిడ రత్నం ఇప్పటికీ ఒప్పుకోదు.

మా అమ్మ అచ్చియ్యమ్మ ఆ మంచం పక్కనే నేలమీద కూర్చునేది. మా నాన్న భీమిలి పక్కనుంచి వల భుజానేసుకుని, మూడు రోజుల ఓడ దూరంలో ఉన్న ఈ దీవులకొచ్చిన తొలి జట్టుల్లోవాడు. ఒక్క సీజను చేపలు పట్టుకుని పోదామనొచ్చి, డిగ్నాబాద్‌లో ఇల్లు కట్టుకుని, ఇక్కడే పోయాడు. అమ్మ మాత్రం మాట కూడా మార్చుకోలేదు. ఇప్పటికీ అక్కడి యాసే. ఒకరోజు జ్వరం బాగా ఎక్కువైనప్పుడు ఆవిడ పైకి చూసి గట్టిగా అనడం విన్నాను.

"అప్పన్నా, నా కొడుకుని నాకిచ్చీ. ఆడి తల నీకిచ్చేస్తాను."

తల అంటే తలనీలాలని బుర్రకెక్కేసరికి సగం జ్వరం దిగింది. మిగతా సగం వారంలో దిగింది.

మావాళ్ళకి కాపురం ఈ ఒడ్డున, దేవుడు ఆ ఒడ్డున. మొక్కు ఇక్కడ మొక్కుకుంటాం, వైజాగ్ ఓడ టికెట్టు దొరికినప్పుడు వెళ్ళి తీర్చుకుంటాం. ఈలోపల మొక్కిన జుట్టుకి కత్తెర తగలకూడదు. వానల్లో సముద్రం బాగుండదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని వానలు తగ్గాక బయల్దేరదామనుకున్నాం. సెప్టెంబరుకల్లా నా జుట్టు చెవులమీదికి దిగింది. ఫెర్రీ ఎక్కే కాలేజీ పిల్లలు నన్ను గిటారు వాయిస్తారా అంకుల్ అని అడిగారు. వాయిస్తానని చెప్పాను.

అక్టోబరులో ఒకరోజు తలంటుకుంటుంటే ఒక పిడికెడు జుట్టు చేతిలోకి వచ్చేసింది. మర్నాడు ఇంకో పిడికెడు.

"ఏవండీ, నాలీ జామ్ అయిపోయింది," అని రత్నం స్నానాలగది తూము దగ్గర్నుంచి కేకేసింది. పుల్లతో తీసి చూపిస్తే అది చిన్న పిల్లి అంత ఉంది.

జ్వరమొచ్చిన రెండు మూడు నెలలకి ఇలా రాలడం మామూలేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకెవరికీ తెలీదు. అమ్మకి అసలే తెలీదు. ఆవిడ దిండుమీదా, దువ్వెనలోనూ, నాలీలోనూ దొరికిన ప్రతి వెంట్రుకా ఏరి, కడిగి, ఎండబెట్టి, ఖాళీ మాగాయ సీసాలో దాచడం మొదలెట్టింది. దేవుడి సొమ్ము నాలీలో పోకూడదని ఆవిడ వాదన. ఒకరోజు రత్నం మధ్యాహ్నం అన్నంలోకి ఆ సీసా మూత తీసింది. ఆ తర్వాత మా ఇంట్లో చాలాకాలం ఎవరూ ఊరగాయ అడగలేదు.

ఆ సీసా పట్టుకుని అమ్మ గుడి పంతులుగారి దగ్గరికెళ్ళింది.

"రాలింది సమర్పణ కాదమ్మా," అన్నారాయన, సీసా వెలుతురుకేసి పెట్టి చూస్తూ. "తలమీదున్నదాన్నే కత్తితో తియ్యాలి."

"అయితే ఉన్నదాంతో వచ్చే ఓడకే పోదామే," అన్నాను ఇంటికొచ్చాక. అప్పటికి నా నెత్తి పోటు దిగిపోయిన బురదనేలలా, అక్కడక్కడ నాచు పట్టినట్టు ఉంది.

"కుళ్ళిన సేపలు గంపలో ఎట్టుకెళ్ళి అప్పన్న ముందర దించమంటావేట్రా? మీ అయ్య తొలి వల సేపని ఆయన పేరు సెప్పుకోకుండా ఏనాడైనా అమ్మినాడా?" అని ఆగి, గొంతు తగ్గించి అంది, "నాను ఇవ్వక ముందే ఆయనే తీసుకుంటన్నాడురా. జుట్టుతో ఆగుతాడో నేదో."

అదీ అసలు భయం. మొక్కు తీరేదాకా కొడుకు ప్రాణం ఆ దేవుడి చేతిలోంచి పూర్తిగా ఇటు రాలేదని ఆవిడ లెక్క. ఇస్తానన్నది ఇవ్వలేకపోతే ఇచ్చినది వెనక్కి తీసుకుంటాడు. పైగా నేను పనిచేసేది నీళ్ళమీద.

మర్నాటినుంచి అమ్మ నాతోపాటు డ్యూటీకి వచ్చింది. చక్రం గది గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, వక్కాకు డబ్బీ ఒళ్ళో పెట్టుకుని, పొద్దున ట్రిప్పునుంచి సాయంత్రం ట్రిప్పుదాకా కూర్చునేది.

"మాజీ, ఆప్ కహాఁ జా రహీ హైఁ?" అని ప్యాసింజర్లు, ఎక్కడికెళ్తున్నారమ్మా అని అడిగేవాళ్ళు.

"ఎక్కడికీ నేదు. ఈడు మునిగితే పట్టుకోడానికి," అనేది తెలుగులో.

అమ్మకి ఈత రాదు.

ఇంట్లో రత్నానికీ నాకూ దీనిమీదే గొడవ. "ఆ మోకాళ్ళతో రోజూ ర్యాంపు ఎక్కి దిగుతున్నారు. రేపు ఆవిడ పడితే ఎవరి జుట్టు మొక్కాలి, నాదా?" అంది. నిజానికి రత్నం జడ చూసి అమ్మకి ఆ ఆలోచన రాకపోలేదు. ఒకసారి పట్టుకుని బరువు కూడా చూసింది. రత్నం రెండు రోజులు కొంగు తలమీంచి తియ్యలేదు.

నవంబరులో రత్నమే ఒక చర్మం డాక్టరు సంగతి కనుక్కొచ్చింది. ఎర్ర వెలుగుతో జుట్టు మొలిపిస్తారట. వెళ్ళాం. బయట వరండాలో కుర్చీలనిండా జనం, ఒక్కళ్ళ తలా కనబడదు. టోపీలు, రుమాళ్ళు, చున్నీలు. ఒకళ్ళ నెత్తివంక ఒకళ్ళు చూడకూడదని అక్కడ చెప్పని కట్టుబాటు ఉంది. నా పక్కన ఒక భారీ కానిస్టేబులు, మీసం చీపురంత ఉంది, క్యాప్ మాత్రం కనుబొమలదాకా దించుకున్నాడు. తిర్కీ అని పేరు చెప్పాడు. వాళ్ళ తాత రాంచీనుంచి అడవి పనికొచ్చాడట.

"పెహలీ బార్?" అన్నాడు. మొదటిసారా అని.

అవునన్నాను. నా చేతులు మోకాళ్ళమీద లేని చక్రాన్ని తిప్పుతున్నాయి. నేను తుపానులో చక్రం వదలనివాణ్ణి. ఆయన చూసీ చూడనట్టు జేబులోంచి పల్లీల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "పకడో భయ్యా. చేతులకి ఏదో ఒక పని ఉండాలి ఇక్కడ," అన్నాడు హిందీలో. ఆ తర్వాత నేను కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ పల్లీలు పెట్టాను. అదొక మందే.

డాక్టరమ్మ మలయాళీ, మాట్లాడేది హిందీ. నా నెత్తిని కటకం పెట్టి చాలాసేపు చూసింది.

"జుట్టు ఎందుకు కావాలి మీకు? పెళ్ళి ఏమైనా ఉందా ఇంట్లో?"

"గుండు కొట్టించుకోడానికి మేడమ్."

ఆవిడ కటకం బల్లమీద పెట్టింది. "ఫిర్ సే బోలియే." మళ్ళీ చెప్పాను. రత్నం గోడమీదున్న బొమ్మని చాలా శ్రద్ధగా చూస్తోంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోడానికి చేసిన ప్రయత్నం గొప్పదే గాని ఫలించలేదు. నవ్వు అయ్యాక మర్యాదగా చెప్పింది: జ్వరం పట్టుకెళ్ళినది చాలావరకు దానంతటదే తిరిగొస్తుంది, కంగారు పడొద్దు. ముందువైపు పల్చబడింది మాత్రం జ్వరం పని కాదు, మీ నాన్నగారి ఆస్తి. దానికి ఈ లేజర్ వెలుగు కొంత సాయం చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. నెలలు పడుతుంది.

"గ్యారంటీ?"

"గ్యారంటీ నహీఁ, భయ్యా. ఓపిక ఉంటే కూర్చోండి."

లేజర్ అంటే నెత్తి కాలుతుందేమో, పొగ వస్తుందేమో అని సిద్ధపడి వెళ్ళాను. ఏమీ లేదు. రోజు విడిచి రోజు వెళ్ళి, లోపలంతా ఎర్ర చుక్కల్లాంటి దీపాలున్న హెల్మెట్టు పెట్టుకుని అర్ధగంట లోపు కూర్చోవడమే. వేడి లేదు, మంట లేదు. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక పొద్దుగూకుతున్న సముద్రంలా ఉండేది. ఇంత మెత్తటి వైద్యం పనిచేస్తుందని నమ్మడమే కష్టం. పక్క కుర్చీలో తిర్కీ తన హెల్మెట్టు పెట్టుకుని సెల్యూట్ కొట్టి, "ఫ్లైట్ రెడీ, సార్," అనేవాడు. నేను వాతావరణం చెప్పేవాణ్ణి.

ఒకరోజు అమ్మ కూడా వచ్చింది. నా తల చుట్టూ ఎర్రగా వెలగడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తిర్కీ లేచి, తన హెల్మెట్టు తీసి, ఆవిడ రెండు చేతుల్లో పెట్టాడు. "దేఖియే మాజీ, కుచ్ నహీఁ," చూడండమ్మా, ఏమీ కాదని. అమ్మ దాన్ని తిప్పి, వాసన చూసి, చివరికి తనే నెత్తిమీద పెట్టుకుంది.

"నానూ ఎట్టుకుంటే బేగి మొలుస్తాదేమో అడుగు," అంది నాతో.

డాక్టరమ్మ అలా కుదరదని చెప్పింది, కానీ ఆ రోజుకి పెట్టుకోనిచ్చింది.

డిసెంబరు మా అందరికీ చెడ్డ నెల. వెలుగు మొదలెట్టిన కొన్ని వారాలకి జుట్టు రాలడం ఇంకా ఎక్కువైంది. "సర్కారీ క్వార్టర్లు తెలుసుగా," అంది డాక్టరమ్మ, "పాతవాళ్ళు ఖాళీ చేస్తేగాని కొత్తవాళ్ళు దిగరు." మాట బాగుంది గాని, మా ఇంట్లో పాతవాళ్ళు సామానుతో సహా పోతున్నారు, కొత్తవాళ్ళ జాడ లేదు. అమ్మ మాగాయ సీసా నిండిపోయి మూత పడటంలేదు. ఆవిడ అన్నం తగ్గించేసింది. ఫెర్రీలో స్టూలు గుమ్మంలోంచి జరిపి సరిగ్గా నా కుర్చీ వెనక వేసుకుంది. అలలు కాస్త లేస్తే నా చొక్కా వెనకభాగం పట్టుకునేది. చక్రం తిప్పుతూ ఆ పట్టు నాకు తెలుస్తూ ఉండేది. నాకు భయం జుట్టు గురించి కాదు. ఇది మొలవకపోతే ఈవిడ ఇక ఆ చొక్కా వదలదని, ఆ భయంతోనే పోతుందని.

ఆ వారాల్లో నేను ఎవరికీ ఒక్క కథ కూడా చెప్పలేదు. ప్యాసింజర్లు ఇంజను పాడైందనుకున్నారు.

జనవరిలో డాక్టరమ్మ సెలవుమీద కేరళ వెళ్తూ, బ్యాటరీతో నడిచే చిన్న లేజర్ టోపీ ఒకటి నాకు అరువిచ్చింది. "రోజు మానొద్దు," అంది. మానలేదు. ఇంట్లో కుదరని రోజున, బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ కట్టేసి తర్వాత ట్రిప్పుకి ఎదురుచూస్తూ పెట్టుకునేవాణ్ణి. మా దీవుల్లో చలికాలం ఐదు దాటితే పొద్దుండదు. చక్రం గది కిటికీ పక్కన కూర్చుంటే టోపీ అంచుల కిందనుంచి ఎర్రటి వెలుగు బయటికొచ్చేది.

రత్నం అన్న ఎల్లయ్య బావకి సొంత డుంగీ ఉంది, చిన్న మోటారు పడవ. ఆ సాయంత్రం వేట ముగించుకుని వస్తున్నాడు. మసక చీకట్లో అంత ఎత్తున ఎర్ర దీపం ఒక్కటే కనబడింది. సముద్రంమీద బతికేవాడికి ఎర్ర దీపమంటే ఒకటే అర్థం: ఏదో పెద్ద ఓడ ఎడమ పక్క. అది అడ్డంగా వస్తోంది, దారివ్వాలి. బావ పద్ధతైన మనిషి, నేర్చుకున్న ప్రకారం డుంగీని కుడివైపు కోశాడు. కుడివైపున్నది మడ చెట్ల బురద. డుంగీ అందులో కూరుకుపోయింది, నెట్టడానికి దిగిన బావ నడుందాకా దిగబడిపోయాడు. అక్కడే కదలకుండా నిలబడ్డ ఆ ఓడని బావ తిట్టిన తిట్లు జెట్టీ అంతా విన్నాం. ఎవర్ని తిడుతున్నాడో మాత్రం తెలీలేదు.

పోటు మళ్ళీ ఎక్కి డుంగీ తేలేదాకా బావకి పనిలేదు. బురదంతా పీతలు. ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత. చేతికందినవి గంపలోకి ఎత్తాడు. గంప నిండాక లుంగీలో ఎత్తాడు. ఇంటికెలా వచ్చాడని నన్నడక్కండి.

"ఎవడ్రా ఆ ఓడ కేప్టెను?" అంటూ, జెట్టీలో ఉండేవాణ్ణి నాకు తెలిసుంటుందని, నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఒళ్ళంతా బురద.

"ఓడ కాదు బావా, నా నెత్తి," అని టోపీ తెచ్చి వెలిగించి చూపించాను.

బావ పీతల గంప నా ముందు దింపి, నా నెత్తికి దణ్ణం పెట్టాడు. "రేపు కూడా ఎట్టుకో. ఏ పక్క కూకుంటావో ముందుగా సెప్పు."

అమ్మ నవ్వింది. అక్టోబరు తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి ఊపిరాడక, ఆసరాకి పక్కనే కూర్చున్న నా నెత్తిమీద చెయ్యేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఒరె, వంగు. ఇంకా వంగు."

దీపం కిందకి లాగి, అరచేత్తో అటూ ఇటూ నిమిరింది. రత్నం వచ్చి నిమిరింది. బావ బురద చేత్తో నిమరబోతే ఇద్దరూ కసిరారు. కొత్తగా రోట్లో దంచిన బియ్యప్పిండి తగిలినట్టు, సన్నగా, మెత్తగా ఏదో ఉంది. ఆ పూట డిగ్నాబాద్‌లో మా వీధి వీధంతా పీతల కూర తిన్నది.

ఆ తర్వాత నెలలు సాఫీగా గడిచాయి. రోజూ పొద్దున అమ్మ నా నెత్తి తడిమి కాఫీ తాగేది. ఫెర్రీ ఎక్కినవాళ్ళు టికెట్టు చూపించి, "మాజీ, ఆజ్ కిత్నా?" అని ఈ రోజు ఎంత పెరిగిందో అడిగేవాళ్ళు. అమ్మ వేలి గోరుమీద కొలిచి చూపించేది. ఆవిడ స్టూలు నెమ్మదిగా మళ్ళీ గుమ్మంలోకి జరిగింది. ఒకటి రెండు రోజులు మోకాలు నొప్పని అసలు రాలేదు.

ఒక మాట దాచకూడదు. తిర్కీకి మొలవలేదు. అక్కడక్కడ రెండు మూడు చోట్ల తప్ప వెలుగు ఆయనకి పెద్దగా పనిచెయ్యలేదు. ఏప్రిల్లో ఒకరోజు నున్నగా గీయించుకుని వచ్చి, క్యాప్ లేకుండా వరండాలో కూర్చున్నాడు. అంత నిటారుగా ఆయన కూర్చోవడం మేమెవ్వరం చూడలేదు. "మీసం ఉందిగా," అన్నాడు. ఆ రోజు ఇంకో ఇద్దరు రుమాళ్ళు తీసేశారు. నాది జ్వరం తిరిగిచ్చిన జుట్టా, వెలుగు మొలిపించిన జుట్టా అని డాక్టరమ్మనడిగితే, "విడదీసి చెప్పలేను," అంది. అమ్మకి మాత్రం ఎవరిచ్చారో ఏ సందేహమూ లేదు.

మే నెలాఖరున వైజాగ్ ఓడ ఎక్కాం. మూడు రోజుల ప్రయాణంలో అమ్మ ఒక్క పూట కూడా వాంతి చేసుకోలేదు. డెక్కుమీద నిలబడి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ నా నెత్తి చూపించింది. రేవులో మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మాకోసం కాచుకుని ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే సింహాచలం కొండెక్కి, టికెట్టు తీసుకుని, మంగలి ముందు కూర్చున్నాను. ఆయన నా తల తడిపి, ఒక గీత గీసి, బ్లేడు పారేశాడు. రెండోదీ అరిగింది. మూడోది మార్చాడు. రాలిన జుట్టు వల కుప్పలా నా మోకాళ్ళదాకా వచ్చింది. పక్క వరసలవాళ్ళు లేచొచ్చి చూశారు. ఇంత జుట్టు మీ వయసులో ఎలాగండీ అని మంగలి అడిగితే, దీవుల నీళ్ళు అలాంటివని చెప్పాను.

ఇక్కడ ఆగాలి. ప్రమాణం చేసినవాణ్ణి. పైన మంగలి దగ్గర జరిగిందని రాసినదంతా నేను కల్పించింది. మిగతాది నిజమే, పీతలతో సహా. జరిగింది ఇదీ.

మంగలి నా తలమీద నీళ్ళు చల్లి, చేత్తో రుద్ది, ఆగిపోయాడు. ఉన్నది వేలి కణుపంత కూడా లేదు, ముందువైపు అదీ లేదు. "మొన్ననే తీయించినట్టున్నారే," అన్నాడు. నేను అమ్మవైపు చూడలేకపోయాను. ఇన్ని నెలలు పెంచింది ఇదీ. కుళ్ళిన చేప అంటుందనుకున్నాను.

అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. మావయ్య వైపు తిరిగింది.

"ఈడి పుట్టెంట్రుకలు అక్కడే తీయించేసినామురా తమ్ముడూ. ఆ యేడు ఓడ దొరకనేదు. నువ్వూ నేవు, అప్పన్నా నేడు. నాకు మనసులో అలగే ఉండిపోనాది. కూకో. ఆణ్ణి ఒళ్ళో కూకోబెట్టుకో."

"అక్కా, నా కాళ్ళు ఇరిగిపోతాయే," అన్నాడు మావయ్య. నాకు నలభై ఎనిమిదేళ్ళు, తూకంలో మావయ్యకి రెట్టింపు.

చివరికి మావయ్య మెట్టుమీద కూర్చున్నాడు. నేను కింద కూర్చుని ఆయన మోకాళ్ళమధ్య తల పెట్టాను. ఆయన రెండు చేతులతో నా చెవులు పట్టుకున్నాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. నా చొక్కా ఆవిడ చేతిలో లేదు. రెండు చేతులూ జోడించి ఉన్నాయి.

మంగలి కొత్త బ్లేడు పెట్టాడు. నన్నూ, మావయ్యనీ, అమ్మనీ మార్చి మార్చి చూసి, మామూలుగానే అడిగాడు.

"బాబుకి ఎన్నో నెలమ్మా?"

అమ్మ జూలైనుంచి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది.

"పదకొండో నెల."

"మంచి నెలే," అని మంగలి కత్తి తడుపుకున్నాడు. "గట్టిగా పట్టుకోండి మావయ్యగారూ. ఈ వయసోళ్ళు ఊరికే కదులుతారు."